సరోవర తీరాన కొయ్య ఇల్లు

ఒక దేశపు చరిత్రను కోటలవల్ల తెలుసుకోవచ్చును. శాసనాలవల్ల, రాజవంశావళులవల్ల తెలుసుకోవచ్చును. ఫిన్లండు విషయంలో ఒక నీళ్ళ బాల్చీ వెంట నడిచినా చరిత్ర చాలవరకు బోధపడుతుంది. యూరపు ఖండానికి ఉత్తరపు కొసనున్న ఆ దేశంలో చిన్నవీ పెద్దవీ కలిపి సుమారు 1,88,000 సరస్సులు ఉన్నవి. నేలలో దాదాపు ముప్పాతిక వంతు అడవి. జనాభా సుమారు 56 లక్షలు మాత్రమే. ఆ కొద్దిమంది జనానికి నగరాలలోని ఇండ్లు కాక, సరస్సుల గట్లమీద, సముద్రద్వీపాలలో, అడవి అంచులలో సుమారు 5 లక్షల విడిది కుటీరాలు ఉన్నవి. ఫిన్నిషు భాషలో ఇట్టి కుటీరాన్ని ‘మోక్కి’ అంటారు. వాకిట్లో అంతులేని నీరు పరచుకొని ఉన్న ఈ కుటీరాలలో చాలావాటికి నేటికీ ఇంటిలోపల కుళాయి లేదు. నీరు కావలెనంటే బాల్చీతో మోసుకొని రావలసినదే. దేహకృత్యాలకు పెరటిలో వేరుగా ఉన్న చిన్న కొయ్యగదికి నడిచి పోవలసినదే.

హెల్సింకి, ఎస్పో నగరాలలో ఈనాడు తెలుగు కుటుంబాలు కూడా కాపురముంటున్నవి. జూను, జూలై నెలలలో వారి ఫిన్నిషు స్నేహితులు వారిని కుటీరానికి పిలవడం కద్దు. పిలుపు అందుకొన్నవారికి మొదట ఒక సందేహం కలుగుతుంది. నగరంలో గది గదికీ వేడినీళ్ళూ చల్లనీళ్ళూ వచ్చే భోగాన్ని విడిచి, సంపన్నమైన ఒక దేశపు ప్రజలు, సెలవు దొరికినదే తడవుగా, బాల్చీలు మోయడానికి వందల మైళ్ళు ఎందుకు పోతారు? దీనికి సమాధానం కేవలం అభిరుచిలో లేదు, చరిత్రలో ఉన్నది. ఆ చరిత్రను మనం కొంచెం వెనుకనుంచి ఎత్తుకొని చూద్దాం.

పూర్వం అక్కడి పల్లెటూరి ఇల్లు పూర్తిగా అడవి ప్రసాదం. దేవదారు జాతికి చెందిన పైను చెట్లను కొట్టి, దుంగలను ఒకదానిమీద ఒకటి పేర్చి, మూలలలో గాడులు కోసి బిగించేవారు. దుంగల సందులలో ఎండిన నాచును కూరేవారు. కప్పుకు బూర్జు చెట్టు బెరడు పరచి, దానిపై పచ్చిక గడ్డలు కప్పేవారు. ఇనుపమేకు అవసరం చాలా తక్కువ. నేర్పరి చేతిలో ఒక గొడ్డలి ఉంటే ఇల్లు లేచేది. గోడలు మందంగా, కిటికీలు చిన్నవిగా ఉండేవి. ఎందుకంటే చలికాలంలో వేడిని నిలుపుకోవడమే ఆ ఇంటి ప్రథమ ధర్మం. పాతకాలపు బీద ఇండ్లలో పొగగూడు కూడా ఉండేది కాదు. రాళ్ళ పొయ్యినుంచి లేచిన పొగ గదిలోనే పైకి తేలి, కప్పు దగ్గర అమర్చిన చిన్న తలుపుగుండా బయటికి పోయేది. గోడల పైభాగమంతా మసిబారి నల్లగా ఉండేది. తూర్పు ఫిన్లండులో ఇట్టి పొగ ఇండ్లు 19వ శతాబ్దంలో కూడా కనిపించేవి.

ఆ ఇంటికి తోబుట్టువు వంటిది ‘సౌనా’. ఇది స్నానశాల. రాళ్ళను మంటతో కణకణలాడించి, వాటిపై గరిటెతో నీళ్ళు చల్లితే లేచే ఆవిరిలో కూర్చొని చెమట పట్టించుకోవడం, పిమ్మట నీళ్ళు పోసుకోవడం—ఇదే అక్కడి స్నానవిధానం. ఆ ఆవిరికి ‘లోయ్‌లూ’ అని ప్రత్యేకమైన పేరున్నది. అయితే సౌనా ఒక్క స్నానానికే పరిమితం కాదు. ఇంటిలోకెల్లా వెచ్చగా, శుభ్రంగా, వేడినీళ్ళు సిద్ధంగా ఉండే చోటు కనుక స్త్రీలు అక్కడే ప్రసవించేవారు. మొలకెత్తిన ధాన్యాన్ని అక్కడే ఆరబెట్టేవారు. మాంసానికి అక్కడే పొగ పట్టించేవారు. మనిషి పోతే కడపటి స్నానం కూడా అక్కడే చేయించేవారు. పుట్టుకకూ చావుకూ నడుమనున్న జీవితమంతా ఆ చిన్న గది గడపమీదుగానే నడిచినదని చెప్పవచ్చును.

ఇంత అందంగా వర్ణించిన తరువాత ఒక ప్రశ్న అడగకపోతే న్యాయం కాదు. ఆ నీళ్ళు ఎవరు మోశారు? చాలావరకు స్త్రీలే మోశారు. వారితోపాటు పిల్లలూ మోశారు. వంటకు నీళ్ళు, బట్టలకు నీళ్ళు, పాలపాత్రలు కడగడానికి నీళ్ళు, వారానికొకమారు సౌనాకు నీళ్ళు. అన్నింటికంటె అధికంగా పశువులకు నీళ్ళు. పాడి ఆవులున్న ఇంటిలో కొట్టంలోనికి మోసిన నీటితో పోలిస్తే మనుషులు వాడినది లెక్కలోనికి రాదు. శీతకాలంలో ఈ శ్రమ ఇబ్బడి ముబ్బడి అయ్యేది. సరస్సు గడ్డకట్టినప్పుడు మంచులో రంధ్రం తొలిచి నీళ్ళు తోడేవారు. రాత్రికి రాత్రే అది మరల మూసుకొనిపోయేది. తెల్లవారగానే మరల గొడ్డలి పట్టవలసినదే. కావడివంటి సాధనంతో రెండు బాల్చీలు భుజాన వేసుకొని, జారే గట్టుమీద, పగటి వెలుతురు నాలుగైదు గంటలకు మించని రోజులలో నడిచిన ఆ స్త్రీలకు సరళజీవనమనే మాట ఎట్లా వినిపించి ఉంటుందో మనం ఊహించుకోవచ్చును.

మరి గొట్టాలు ఎందుకు వేసుకోలేదు? అజ్ఞానం వల్ల మాత్రం కాదు. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. గొట్టంలో నిలిచిన నీరు మంచుగా మారితే ఆ వ్యాకోచానికి ఇనుప గొట్టమైనా పగిలిపోతుంది. ఉత్తర దేశాలలో చలికాలంలో నేల కూడా లోతుగా గడ్డకడుతుంది. మంచు కప్పని చోట ఆ లోతు మరీ అధికం. అందుచేత గొట్టాన్ని అంతకంటె లోతున పాతిపెట్టవలె. ఇంటిలోనికి వచ్చిన భాగాన్ని రాత్రింబవళ్ళు వెచ్చగా ఉంచవలె. ఇండ్లు దగ్గర దగ్గరగా ఉన్న నగరానికి ఈ వ్యయం భరించదగినది. హెల్సింకి నగరానికి 1876లోనే నీటిసరఫరా ప్రారంభమైనది. అడవిలో మైలుకొక ఇల్లున్న చోట ఆ పని సామాన్యుని శక్తికి మించినది. నగరానికీ పల్లెకూ నడుమ గీత అక్కడ పడినది. ఆ గీతకు ఒకవైపు కుళాయి, రెండవవైపు బాల్చీ.

ఈ గీతకు తోడు మరొక గీత ఉన్నది—భూమి కలవారికీ లేనివారికీ నడుమ. ఫిన్లండు 1809 వరకు స్వీడను రాజ్యంలో భాగం. అటు తరువాత రష్యా చక్రవర్తి క్రింద స్వయంపాలన గల సంస్థానం. 1917 డిసెంబరు 6న స్వతంత్ర దేశం. 20వ శతాబ్దం ఆరంభంలో అక్కడి గ్రామీణులలో పెక్కుమంది పరుల భూమిలో చిన్న ఇల్లు కట్టుకొని, కౌలుక్రింద భూస్వామి పొలంలో పనిచేసే రైతులు. 1918లో వచ్చిన చట్టం వారికి తాము సాగుచేస్తున్న కమతాన్ని కొనుక్కొనే హక్కు ఇచ్చినది. చిన్న కొయ్య ఇల్లు ఆనాటివరకు బీదరికానికి గుర్తు; క్రమంగా అది ఆత్మగౌరవానికి గుర్తు కాసాగినది. 1956 నుండి 1982 వరకు దేశాధ్యక్షుడుగా ఉన్న ఉర్హో కెక్కొనెన్ 1900లో పియెలవెసి అనే గ్రామీణ ప్రాంతంలో ఒక కొయ్య ఇంట పుట్టాడు. ఆ ఇంటి ఛాయాచిత్రంలో కనిపించే పొగగూడును తరువాత చెరిపివేసి, అది పొగగూడు లేని పేదయిల్లు అన్నట్లు ప్రచారం చేశారు. తాతల గొప్ప చెప్పుకోవడానికి లేని మేడలు కట్టినవారిని మనం ఎరుగుదుము. ఉన్న పొగగూడును కూల్చుకోవడం మాత్రం చరిత్రలో అరుదైన ముచ్చట. పేదయింటికి అప్పటికి ఎంత విలువ వచ్చినదో దీనివల్ల తెలుస్తున్నది.

ఈ విలువ ఒక్కనాడు వచ్చినది కాదు. 1862లో హెల్సింకి నుండి హమెయెన్‌లిన్నా వరకు తొలి రైలుమార్గం తెరిచారు. 1870లో రష్యా రాజధాని పీటర్సుబర్గు వరకు రైలు నడిచినది. రైళ్ళూ ఆవిరిపడవలూ వచ్చిన తరువాత నగరాలలోని సంపన్నులు వేసవిలో నీటి ఒడ్డున విడిది చేయడం అలవాటు చేసుకొన్నారు. వారివి అలంకారమైన వేసవి భవనాలు. ఆ కాలంలోనే కళాకారులకు పల్లెల కొయ్య ఇండ్లమీద మక్కువ కలిగినది. తమ జాతికి సొంతమైన శిల్పం ఏది అని వెదకినవారికి రాతి రాజభవనాలు కాక దుంగల గోడలు కనిపించినవి. జాతీయ కావ్యమైన కాలెవలా కథలను చిత్రించి ప్రసిద్ధుడైన అక్సెలి గాలెన్-కాలెలా 1894, 1895 సంవత్సరాలలో రువోవెసి ప్రాంతపు అడవిలో సరస్సు ఒడ్డున పెద్ద దుంగల ఇల్లు కట్టించి, దానికి కాలెలా అని పేరు పెట్టాడు. పల్లెటూరివాడు విధిలేక కట్టుకొన్న ఇంటిని చిత్రకారుడు కోరి కట్టుకొన్నాడు. ఇల్లు ఒకటే, ఉద్దేశం వేరు.

ఈ భేదానికి మరింత స్పష్టమైన తార్కాణం ఐనోలా గృహం. ఫిన్లండు సంగీతకర్తలలో అగ్రగణ్యుడైన జాన్ సిబెలియుస్ 1904 సెప్టెంబరులో కుటుంబంతో హెల్సింకి విడిచి, యార్వెన్‌పా వద్ద కొత్తగా కట్టించిన ఇంటిలో ప్రవేశించాడు. వాస్తుశిల్పి లార్స్ సొంక్. భార్య ఐనో పేరుమీద ఆ ఇంటికి ఐనోలా అని పేరు వచ్చినది. సిబెలియుస్‌కు ఇంటిలో నీటిగొట్టాలు అమర్చడం ఇష్టం లేకపోయినది. గొట్టాల చప్పుడు తన రచనకు భంగం కలిగిస్తుందని ఆయన శంక. 1957 సెప్టెంబరు 20న ఆయన కన్నుమూసే వరకు, అనగా అర్ధశతాబ్దానికి పైగా, ఆ ఇంటికి గొట్టాల నీరు రాలేదు. ఆయన పోయిన పిమ్మటనే గొట్టాలు వేశారు.

సంగీతకర్తకు నిశ్శబ్దం అవసరమే, కాదనము. ఆ నిశ్శబ్దంలో పుట్టిన సింఫొనీలు ప్రపంచానికి దక్కినవి. కాని ఆ ఇంటిలో కుమార్తెలు పెరిగారు; వంటలు జరిగినవి; బట్టలు ఉతికారు. కూరగాయల తోటను ఐనో స్వయంగా సాకినది. ఇంటి ప్రక్కన సౌనాకు నమూనా గీసినది కూడా ఆమెయే. ఆ ఇంటి అవసరాలన్నింటికీ నీరు బాల్చీలలోనే వచ్చినదన్నమాట. ఒకరి నిశ్శబ్దానికి ఇతరుల భుజాలు వెల చెల్లించినవి. ఐనోలా 1974 నుండి సందర్శకులకు తెరచిన వస్తుప్రదర్శనశాల. అక్కడికి పోయినవారు పియానోను చూసి తలవంచడం సహజం. నూతి దారిని చూసి కూడా ఒక్క క్షణం నిలవడం ఉచితం.

ఇంటి చాకిరీ బరువును గుర్తించి దానికి ఉపాయం వెదకినవారూ అక్కడ లేకపోలేదు. 1899లో స్థాపితమైన మార్తా సంస్థ ఇంటి పనులలో, తోటపనిలో, ఆరోగ్యరక్షణలో పల్లె స్త్రీలకు బోధన చేసినది. 1924లో ఏర్పడిన శ్రమసామర్థ్య సంస్థ పొలంపనినీ ఇంటిపనినీ శాస్త్రీయంగా పరిశీలించినది. ఆ సంస్థలో గృహవిభాగాన్ని నడిపిన మైయు గెబ్‌హార్డ్ అనే వనిత 1940 దశకంలో ఒక సామాన్యమైన అద్భుతాన్ని కనిపెట్టినది: గిన్నెలు కడిగే తొట్టికి పైన, అడుగు లేని అలమర. కడిగిన పళ్ళేలను తుడవకుండా అందులోని కమ్మీలమధ్య నిలబెడితే నీరు తొట్టిలోనికి కారిపోతుంది. పళ్ళేలు వాటంతట అవే ఆరుతవి. ఈనాడు ఫిన్లండులో ఈ అలమర లేని వంటిల్లు దాదాపు లేదు. రాకెట్టు కనిపెట్టినవారికి దక్కే కీర్తి దీనికి దక్కలేదు గాని, కోట్లాది గంటల శ్రమను ఆదా చేసినది ఏది అని లెక్క కడితే ఈ అలమర వెనుకబడదు.

1939లో ఫిన్లండు శ్రామికులకు వార్షికమైన సెలవు చట్టబద్ధమైనది. అదే సంవత్సరం నవంబరు 30న సోవియట్ సేనలు సరిహద్దు దాటినవి. తరువాత ఆరేండ్లపాటు సెలవు అనే మాటకు అర్థం లేకపోయినది. యుద్ధాలు ముగిసేసరికి కరేలియా ప్రాంతంలో పెద్ద భాగం సోవియట్ యూనియనుకు పోయినది. 4 లక్షలకు పైగా జనం ఇండ్లూ పొలాలూ విడిచి పడమటికి తరలి వచ్చారు. ఉత్తరాన లాప్లండులో 1944లో వెనుకకు మరలుతున్న జర్మను సైన్యం రొవానియెమి పట్టణాన్నీ, ఎన్నో పల్లెలనూ తగులబెట్టినది. 1945లో వచ్చిన భూసేకరణ చట్టం నిర్వాసితులకూ, యుద్ధంనుండి తిరిగివచ్చినవారికీ భూమి కల్పించినది. మరల గొడ్డళ్ళు మ్రోగినవి. అనేక కుటుంబాలు మొదట సౌనా కట్టుకొని, ఇల్లు పూర్తి అయ్యేవరకు అందులోనే తలదాచుకొన్నవి. ఒకే గది ఇల్లూ, వంటశాలా, స్నానశాలా అయినది.

తరువాతి ఇరవై ముప్ఫై ఏండ్లలో ఆ దేశం ఆశ్చర్యకరమైన వేగంతో మారినది. పొలం విడిచి యువకులు నగరాలలోని కర్మాగారాలకూ కచేరీలకూ పోయారు. బహుళ అంతస్తుల ఇండ్లలో కుళాయిలూ, వేడినీళ్ళూ, నీటిమరుగుదొడ్లూ అమరినవి. ఏ తల్లి బాల్చీ మోసి నడుము వంగినదో ఆ తల్లి కొడుకు నగరంలో కుళాయి త్రిప్పసాగాడు. సరిగా అదే తరంవారు, అదే దశకాలలో, సరస్సుల ఒడ్డున చిన్న స్థలం సంపాదించి కుటీరం కట్టుకోవడం మొదలుపెట్టారు. సెలవులు పెరిగినవి, కొందరికి మోటారుకార్లు వచ్చినవి. విడిది ఇల్లు సంపన్నుల సొత్తుగా ఉన్న రోజులు పోయి, బడిపంతులుకూ కార్మికుడికీ అందుబాటులోనికి వచ్చినది. కుటీరం కట్టేవారు చేతులారా కట్టుకొన్నారు. గోడలు పాతవే, పొయ్యి పాతదే, బాల్చీ పాతదే. అయితే ఆదివారం సాయంకాలానికి నగరానికి తిరిగిపోయే దారి ఉన్నది. ఈ ఒక్క దారి ఉండడంవల్లనే బాల్చీ బరువు తగ్గినది.

అట్టి కుటీరంలో మనం ఒక దినం గడుపుతున్నామని అనుకొందాం. ఫిన్లండు నగరవాసి ఇంటిలో దినానికి మనిషి ఒకరికి సుమారు 120 లీటర్ల నీరు ఖర్చవుతుంది. పది లీటర్ల బాల్చీలతో కొలిస్తే పన్నెండు బాల్చీలు. నలుగురున్న ఇంటికి నలభై ఎనిమిది. అన్ని బాల్చీలు గట్టెక్కించి మోయగలవారు ఎవరు? అందుచేత కుటీరంలో అడుగు పెట్టిన క్షణంనుండి నీటి లెక్క మారుతుంది. త్రాగడానికి నూతినీరు లేదా పట్టణంనుండి తెచ్చిన నీరు. కడగడానికి సరస్సు నీరు. కూరగాయలు కడిగిన నీళ్ళు గిన్నెలకు పనికివస్తవి. మన భాషలో అతిగా వ్యయం చేసేవానిని డబ్బును నీళ్ళవలె ఖర్చుపెడుతున్నాడంటాము. అక్కడ నీళ్ళనే నీళ్ళవలె ఖర్చుపెట్టడానికి వీలుండదు.

సాయంకాలం సౌనా పొయ్యి రాజేస్తారు. పొయ్యికి ఆనుకొని నీళ్ళ తొట్టి ఉంటుంది. పాత ఇండ్లలో పొయ్యి గూటిలో ఇమిడిన పెద్ద ఇనుప కాగు ఉంటుంది. మన పెరళ్ళలో స్నానానికి కాగు ఎక్కించిన రోజులు తెలిసినవారికి దీని సంగతి వివరించనక్కరలేదు. వేడినీరూ చల్లనీరూ ఒక తొట్టిలో కలుపుకొని, ముంతతో పోసుకొంటారు. ఒక మనిషికి ఒక బాల్చీ, మహా అయితే రెండు. ఆవిరిలో చెమట పట్టిన శరీరానికి అంతకంటె అవసరం లేదు. సౌనా సంస్కృతిని యునెస్కో 2020 డిసెంబరులో మానవజాతి అమూర్త వారసత్వపు పట్టికలో చేర్చినది. నీటిని తక్కువగా వాడి శరీరాన్ని శుభ్రపరచుకొనే ఒక పద్ధతిగా కూడా దానిని గుర్తుంచుకోవడం మంచిది.

ఇక ప్రస్తావించడానికి కొందరు సంకోచించే విషయం ఒకటున్నది. కుటీరానికి దూరంగా, చెట్ల చాటున ఒక చిన్న కొయ్యగది. దీనిని ‘హూస్సి’ అంటారు. ఇందులో నీటితో పని లేదు. వాడిన తరువాత ప్రక్కనున్న పెట్టెలోనుంచి రంపపు పొట్టుగాని, చితికిన నాచుమట్టిగాని ఒక గరిటెడు చల్లుతారు. అది తేమను పీల్చుకొని దుర్గంధాన్ని అణచుతుంది. గాలి ఆడేట్లు చేసి మగ్గడానికి తోడ్పడుతుంది. నిండిన దానిని వేరొక కుప్పలో వేసి కాలక్రమాన మగ్గబెడితే ఎరువు అవుతుంది. మలినాన్ని నీటిలో కలిపి, ఆ నీటిని మరల శుద్ధిచేయడానికి నానాతంటాలు పడడం కంటె, మొదలే నీటిలో కలపకుండా ఉంచడం ఇందులోని సూత్రం. చూడడానికి మోటుగా ఉన్నా ఇది తెలివైన ఏర్పాటే. దీని అసలు విలువ ఎక్కడ బయటపడినదో కొంచెం ముందుకు పోయి చూద్దాం.

పసిపిల్లలు ఎరిగిన మూమిను కథల రచయిత్రి టోవె యాన్సన్ సంగతి ఈ సందర్భంలో చెప్పుకోదగినది. ఆమె తన స్నేహితురాలు, చిత్రకారిణి అయిన తూలిక్కి పియెతిలాతో కలిసి ఫిన్లండు అఖాతంలో క్లోవ్‌హారు అనే రాతిద్వీపంలో 1964-65లో ఒక చిన్న ఇల్లు కట్టించుకొన్నది. ఒకే గది, నాలుగు దిక్కులకూ కిటికీలు. విద్యుచ్ఛక్తి లేదు, కుళాయి లేదు. సుమారు పాతిక వేసవులు వారిద్దరూ అక్కడ పనిచేసుకొన్నారు. 1990 దశకపు మొదటి సంవత్సరాలలో, ఏడుపదులు దాటిన పిమ్మట, ద్వీపాన్ని విడిచిపెట్టి, ఇంటిని ఆ ప్రాంతపు గ్రామసంఘానికి అప్పగించారు. తమకు శక్తి ఉన్నంతకాలం ఆ శ్రమను తామే కోరుకొన్నారు, తామే చేసుకొన్నారు, శక్తి సన్నగిల్లగానే తామే మానుకొన్నారు. ఐనోలాలోని బాల్చీకీ క్లోవ్‌హారులోని బాల్చీకీ భేదం ఇక్కడనే ఉన్నది.

ఉత్తరాన లాప్లండు అరణ్యాలలో మరొక తీరు కుటీరాలు ఉన్నవి. వీటికి తాళం లేదు, అద్దె లేదు. వేటగాండ్రకూ, బాటసారులకూ ఆశ్రయంగా పుట్టిన ఈ శూన్యగృహాలను నేడు చాలావరకు 1859లో ఏర్పడిన ప్రభుత్వ అటవీశాఖ సంరక్షిస్తున్నది. లోపల ఒక ఇనుప పొయ్యి, పడుకోవడానికి కొయ్య అరుగు, ప్రక్కన కట్టెల కొట్టం, దూరంగా హూస్సి, దగ్గరలో వాగు. అక్కడ ఒక పాత ధర్మం పాటిస్తారు: అందరికంటె చివర వచ్చినవానికే ఆశ్రయంపై అధికమైన హక్కు. ముందు వచ్చి సేదతీరినవాడు చోటు చాలకపోతే లేచి, తన దారి తాను చూసుకోవలె. పోయేముందు గది ఊడ్చి, కట్టెలు చీల్చి పొయ్యి దగ్గర పెట్టి పోవలె. మంచుతుపానులో చేతులు కొంకర్లుపోయి వచ్చే అపరిచితుడు అగ్గిపుల్ల గీయడమే ఆలస్యంగా మంట లేవవలె. ముందు వచ్చినవానిదే స్థలమనే లోకరీతికి ఇది విరుద్ధం. చలి నేర్పిన ధర్మం.

గత కొద్ది దశాబ్దాలుగా కుటీరం మరల మారుతున్నది. విద్యుత్తు వచ్చినది. వేసవిలో పంపుతో సరస్సు నీరు తోడే సన్నని గొట్టాలు వచ్చినవి. శరత్కాలం రాగానే వాటిని ఖాళీ చేసి చుట్టి పెడతారు. కొత్తగా కట్టే కుటీరాలలో అనేకం నగరపు ఇండ్లకు ఏమాత్రం తీసిపోవు. ఇది తప్పని ఎవరనగలరు? ముసలితనంలో కుటీరాన్నే నివాసం చేసుకొనేవారికి రాత్రివేళ మంచులో హూస్సికి నడవడం కష్టమే. కాని నీటిమరుగుదొడ్డి వచ్చిన చోట మురుగునీరు కూడా వస్తుంది. భాస్వరం, నత్రజని సరస్సులలో చేరితే నాచు పెచ్చుపెరుగుతుంది. వేసవిలో నీలిపచ్చ పాచి తేలి ఈతకు కూడా నీరు పనికిరాకుండా పోతుంది. ఏ సరస్సు కోసం కుటీరం కట్టుకొన్నారో ఆ సరస్సే చెడిపోతుంది.

ఈ బెడదకు విరుగుడుగా 2003లో ఫిన్లండు ప్రభుత్వం, మురుగుకాలువలకు దూరంగా ఉన్న ఇండ్లు తమ మురుగునీటిని తామే శుద్ధిచేసుకోవలెనని ఉత్తర్వు చేసినది. 2004 ఆరంభం నుండి అది అమలులోనికి వచ్చినది. ఖర్చు అధికమని పల్లెలలో పెద్ద అలజడి లేచినది. 2011లోను, 2017లోను నిబంధనలను సడలించారు. కాని మొదటినుంచీ చట్టం ఒక మినహాయింపును గుర్తించినది. నీటిమరుగుదొడ్డి లేని ఇంటిలో, కడుగునీరు స్వల్పంగానూ కాలుష్యభయం లేకుండానూ ఉంటే, దానిని శుద్ధి చేయకుండానే నేలలోనికి వదలవచ్చును. మోటుదని అనుకొన్న హూస్సికీ, మోసి తెచ్చిన రెండు బాల్చీల నీటికీ చట్టం ఇచ్చిన గౌరవం ఇది. వెనుకబాటుతనానికి చిహ్నమని ఒకప్పుడు విడిచిపెట్టిన పద్ధతిని, సరస్సును కాపాడే పద్ధతిగా అదే సమాజం తిరిగి గుర్తించినది.

ఈ చరిత్రనుంచి మనం గ్రహించవలసినది రెండు మాటలలో చెప్పవచ్చును. గొట్టాల నీరు కోట్లమంది స్త్రీల భుజాలమీది బరువును దించినది. అది రాని చోటికి రావలసి ఉన్నది. ఎవరి బీదరికాన్నైనా సరళజీవనమని పొగడే అధికారం మనకు లేదు. అయితే గొట్టం మరొక పని కూడా చేసినది. నీరు ఎక్కడనుంచి వచ్చినదో, ఎక్కడికి పోతున్నదో మనకు కనబడకుండా గోడలో దాచినది. కుటీరంలో ఉన్నన్ని దినాలు ఆ రెండు చివరలూ కంటికి కనిపిస్తవి. ఎంత తెచ్చుకొన్నామో చేతులకు తెలుస్తుంది; ఎక్కడ పారబోస్తున్నామో కళ్ళకు తెలుస్తుంది.

అందుచేత అక్కడికి పోయే మన పిల్లలకు ఒక సలహా చెప్పవచ్చును. అతిథులమని అరుగుమీద కూర్చోకండి. బాల్చీ అందుకోండి, ఇంటి స్త్రీలే మోస్తున్నారేమో గమనించండి. పొయ్యి దగ్గర కట్టెలు నిండుగా పెట్టి, తొట్టి నింపి, బాల్చీని బోర్లించి మరీ బయలుదేరండి. మీ తరువాత వచ్చేవారెవరో మీకు తెలియదు. ఆ ఇంటి మర్యాదంతా ఆ తెలియనివారి కోసమే ఏర్పడినది.